రెక్క పొడవు ఒక్కటే వార్తా?

సంపాదకుల వారికి,

సముద్రంలో పెట్టే గాలిమరల రెక్కల గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి ఊరుకుందామనుకున్నాను. మనసొప్పలేదు. వంద మీటర్లు దాటిన రెక్క, దాదాపు ఫుట్‌బాల్ మైదానమంత, ప్రపంచ రికార్డు అంటూ వ్యాసమంతా ఒకటే పాట. దాన్ని దేనితో చేస్తారు, అంత పొడవుది తన బరువుకి తానే కుంగిపోకుండా ఎలా నిలుస్తుంది అన్న అసలు సంగతికి ఒక్క పేరా కూడా దక్కలేదు.

రెక్క పొడవు రెట్టింపైతే గాలి నుంచి దొరికే శక్తి సుమారు నాలుగింతలవుతుంది. అదే పదార్థంతో, అదే ఆకారంలో చేస్తే బరువు మాత్రం ఎనిమిదింతలు. ఇంజినీర్ల కుస్తీ అంతా ఈ లెక్కతోనే. గాజు పీచు పొరల్ని రెజిన్‌తో (ఆరాక రాయిలా గట్టిపడే జిగురు) తడిపి, మధ్యలో తేలికైన బాల్సా చెక్కో ఫోమో పెట్టి, ఎక్కువ భారం మోసే చోట ఖరీదైన కార్బన్ ఫైబర్ వాడేది అందుకే. రెక్క తేలికైతే టవర్ నుంచి నీటి అడుగున పునాది దాకా అన్నిటి మీదా భారం తగ్గుతుంది. కొస సెకనుకు దాదాపు 90 మీటర్ల వేగంతో తిరుగుతుంటే వాన చినుకులే పైపూతనీ అంచునీ తినేస్తాయి. నడిసముద్రంలో దాన్ని రిపేరు చేయాలంటే ఓడ కావాలి, అలలు తగ్గాలి, గాలి ఆగాలి. ఇవేవీ పాఠకులకు అక్కర్లేదా?

2024 జూలైలో అమెరికాలోని వైన్‌యార్డ్ విండ్ అనే సముద్ర గాలిమరల ప్రాజెక్టులో 107 మీటర్ల రెక్క విరిగిపోయి, ముక్కలు నాన్‌టకెట్ దీవి తీరానికి కొట్టుకొచ్చాయి. బీచ్‌లు మూసేయాల్సి వచ్చింది. తయారీలో అతుకు సరిగా పడలేదని, తనిఖీలోనే అది దొరకాల్సిందని తయారుచేసిన జీఈ వెర్నోవా సంస్థే చెప్పింది. పొడవు గురించి అంత రాసినవారు దీన్నెలా వదిలేశారు? ప్రెస్‌నోట్ వస్తే ఉన్నదున్నట్టు అచ్చేయడం ఈమధ్య అన్ని పత్రికలకూ అలవాటైపోయింది.

అధికారులదీ అదే తీరు. ఎన్ని మెగావాట్లు, యూనిట్ ఎంత అని అడుగుతారు. పాతికేళ్ల తర్వాత ఆ రెక్కల్ని ఏం చేస్తారని అడిగేవారేరీ? ఒకసారి గట్టిపడ్డ మామూలు ఎపాక్సీ రెజిన్ మళ్లీ కరగదు. అందుకే అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని కాస్పర్ దగ్గర పాత రెక్కల్ని ముక్కలు కోసి భూమిలో పూడ్చారు. ఇప్పుడైతే దారి లేకపోలేదు. వాడకం అయ్యాక రెజిన్‌ను విడదీసి పీచును వెనక్కి తీసుకోగల రెక్కను సీమెన్స్ గమేసా సంస్థ 2021లోనే చూపించింది, మరుసటి ఏడాది జర్మనీ తీరంలోని కాస్కాసీ గాలిమరల కేంద్రంలో బిగించింది కూడా. ఇలాంటి రెజిన్ వాడాలని, ప్రతి అతుకునూ బయటివారితో తనిఖీ చేయించాలని టెండర్‌లో రెండు షరతులు చేర్చడానికి ఏళ్లకేళ్లు మీటింగులు ఎందుకు?

మీరైనా ఈ పదార్థాల మీద పని చేస్తున్నవారిని అడిగి, వివరంగా మరో వ్యాసం వేయండి. ఈసారి బరువు, అతుకు, పూత, పారవేత గురించి రాయించండి.

– ఒక పాఠకుడు