ఫోన్ కలవలేదని కంప్లైంట్ క్లోజ్ చేశారు, నేనప్పుడు సముద్రంలో ఉన్నాను

బోటింజన్ల కంపెనీలో పైన ఎవరుంటే వాళ్ళకి,

ఈ లెటర్ ఎవరి పేరు మీద రాయాలో కూడా నాకు తెలీదండి, ఎందుకంటే మీ కంపెనీలో నాతో మాట్లాడిన ప్రతి ఒక్కరూ "అది మా డిపార్ట్‌మెంట్ కాదు సార్" అన్నవాళ్ళే. ఇది ఎవరి డిపార్ట్‌మెంటో మీరే తేల్చుకుని చదవండి, కానీ పూర్తిగా చదవండి.

మాది అనకాపల్లి జిల్లా పూడిమడక. గాలాల వేట మాది, ట్యూనా, కోనాం, అదృష్టం ఉంటే కొమ్ముకోనాం. మా నాన్న తెరచాప వదిలేసి మొదటిసారి ఇంజన్ కొన్నప్పుడు మీదే కొన్నాడు. అది అరిగిపోయాక రెండోది కూడా మీదే. ఇప్పుడు ఫైబర్ బోటుకి నేను కొన్నది కూడా మీదే. వేరే కంపెనీ వాళ్ళు రేటు తగ్గించి ఇస్తామని ఇంటికొచ్చి అడిగినా వద్దన్నాను. మా బావ, మా మేనమామ కొడుకులు నన్ను అడిగి నా మాట మీద మీ ఇంజన్లే పెట్టించుకున్నారు. ఇప్పుడు వాళ్ళు జట్టీ దగ్గర కనపడితే నేను ఏం సమాధానం చెప్పాలి?

సమస్య ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. కొత్త ఇంజన్‌తో ఇచ్చిన డిజిటల్ మీటరు "ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్ళొచ్చు" అని అంకె చూపిస్తుంది. గాలాలు వేసి మెల్లగా తిరుగుతుంటే ఆ అంకె పెరిగిపోతుంది, చేప, ఐసు వేసుకుని ఎదురుగాలిలో తిరుగుముఖం పట్టాక ఒక్కసారిగా పడిపోతుంది. ఒకసారి అది చెప్పిన దూరంలో సగం కూడా రాకముందే ట్యాంకు అయిపోయింది. విడిగా క్యాన్లలో పెట్రోల్ పెట్టుకుని వెళ్తాం కాబట్టి ఒడ్డెక్కాం. అంతే. వస్తువన్నాక పాడవుతుంది, దానికి నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ తర్వాత మీరు చేసిన దానికి.

నేను మిమ్మల్ని అడిగింది ఒక్కటే. బోటు మీద నలుగురు మనుషులు, ఐసు, చేప లోడు ఉన్నప్పుడు ఏ ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు, గంటకి ఎన్ని లీటర్లు తాగుతుంది? ఆ లెక్క కాగితం మీద ఇవ్వండి, మీటరు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఇదేమన్నా మీ కంపెనీ రహస్యమా?

మాకు ఆ లెక్క ఎందుకు కావాలో మీ వాళ్ళెవరికీ అర్థం కాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా తీరంలో ట్యూనా కోసం లోతు నీళ్ళకి పోవాలి, నలభై కిలోమీటర్లు, ఒక్కోసారి ఇంకా లోపలికి. ఫుల్ థ్రాటిల్‌లో గంటకి సుమారు నాలుగు లీటర్లు, వేగం గంటకి పన్నెండు కిలోమీటర్లు అనుకుంటే వెళ్ళడానికే పదమూడు పద్నాలుగు లీటర్లు కావాలి, పదిహేను అనుకుందాం. రావడానికి అంతే అనుకోకూడదు, లోడు ఉంటుంది, గాలి మారుతుంది, నీరు పక్కకి లాగుతుంది. అందుకే మా నాన్న లెక్క మూడు వాటాలు, ఒక వాటా పోడానికి, ఒక వాటా రాడానికి, మూడో వాటా ముట్టుకోకూడదు. అంటే నలభై అయిదు లీటర్లు. ఇప్పుడు ఆ గంటకి నాలుగు అనేది నిజంగా నాలుగో, అయిదో, అయిదున్నరో నాకు తెలియాలి కదా. అయిదున్నర అయితే ఆ మూడో వాటాలో దాదాపు సగం తిరిగొచ్చే దారిలోనే ఖర్చయిపోతుంది. థ్రాటిల్ కొంచెం తగ్గిస్తే వేగం కొద్దిగానే తగ్గి పెట్రోల్ బాగా మిగులుతుందని మాకు అనుభవంలో తెలుసు, కానీ ఎంత తగ్గిస్తే ఎంత మిగులుతుందో చెప్పాల్సింది తయారు చేసిన మీరు.

ముందు డీలర్ దగ్గరికి వెళ్ళాను. కొనేటప్పుడు కుర్చీ వేసి కూల్‌డ్రింక్ ఇచ్చిన మనిషి ఈసారి కౌంటర్ దగ్గరే నిలబెట్టి, మీటరు మేం చూడం, టోల్ ఫ్రీకి చెయ్యండి అన్నాడు. టోల్ ఫ్రీకి చేస్తే తెలుగుకి రెండు నొక్కమంది, నొక్కాను, హిందీలో మాట్లాడారు. తెలుగు అన్నాను, లైన్లో ఉండమని పాట పెట్టారు, ఆ పాట అయ్యాక కట్ అయింది. మళ్ళీ చేశాను, ఈసారి తెలుగమ్మాయే ఎత్తింది, బండి నంబర్ చెప్పండి సార్ అంది. బండి కాదమ్మా బోటు అన్నాను. ఓకే సార్, లీటరుకి మైలేజ్ ఎంత వస్తోంది సార్ అంది.

ఆ అమ్మాయిని నేను ఏమీ అనను, ఆమె ముందున్న కాగితంలో ఉన్నదే ఆమె అడుగుతుంది. ఆ కాగితం రాసినవాళ్ళని అంటున్నాను. సముద్రం మీద లీటరుకి మైలేజ్ ఏంటండి? రోడ్డు కదలదు, నీరు కదులుతుంది. నీరు మనతో వస్తే అదే లీటరుకి ఎక్కువ దూరం పోతాం, ఎదురు లాగితే ఇంజన్ అరుస్తూనే ఉంటుంది బోటు ఉన్నచోటే ఉంటుంది. అందుకే గంటకి ఎన్ని లీటర్లు అని లెక్కపెడతారు. బోటింజన్ అమ్మే కంపెనీ తన ఉద్యోగులకి ఈ ఒక్క ముక్క చెప్పలేదా?

తర్వాత చెన్నై టెక్నికల్ టీమ్‌కి పంపారు. అక్కడ ఫోన్ ఎత్తినాయన రన్నింగ్‌లో ఉన్న మీటర్ వీడియో తీసి లొకేషన్ ఆన్‌లో ఉంచి లైవ్‌లో పంపండి అన్నాడు. ఒడ్డు దాటి పది పదిహేను కిలోమీటర్లు పోతే ఫోన్లో సిగ్నల్ ఉండదండి, లైవ్ ఎక్కడి నుంచి పంపను? రికార్డ్ చేసి ఇంటికొచ్చి పంపాను. ఫైల్ సైజు ఎక్కువైంది అన్నారు. మా అబ్బాయి ముక్కలు చేసి పంపాడు. వీడియోలో సీరియల్ నంబర్ కనపడట్లేదు అని వెనక్కి కొట్టారు. సీరియల్ నంబర్ ఇంజన్ మీద ఉంటుంది, మీటరు ముందర ఉంటుంది, రెండూ ఒకే వీడియోలో ఎలా వస్తాయి? ఇది అడిగితే జవాబు లేదు.

అంతలో వేట నిషేధం వచ్చింది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. నేను బతిమాలాను సార్, ఈ రెండు నెలలూ బోటు ఒడ్డు మీదే ఉంటుంది, నేనూ ఇంట్లోనే ఉంటాను, మీకు ఎప్పుడు వీలైతే అప్పుడొచ్చి చూడండి అని. మీ ఇంజనీర్ ఏమన్నాడో తెలుసా, బోటు నీళ్ళలో లోడు మీద ఉంటే తప్ప మేం చెక్ చెయ్యం అన్నాడు. సరే అని ఆగాను. జూన్ 15న వేట మొదలయ్యాక ఫోన్ చేస్తే, ఇప్పుడు సీజన్ సార్, ఫీల్డ్ విజిట్లు కుదరవు అన్నాడు. ఒడ్డు మీద ఉంటే చూడరు, నీళ్ళలో ఉంటే రారు. మరి ఎప్పుడు చూస్తారు?

అసలు నన్ను మండించింది ఇది. వేట నుంచి వచ్చి ఫోన్ ఆన్ చేస్తే మీ నుంచి మెసేజ్, మేము మీకు కాల్ చేశాం, కస్టమర్ నాట్ రీచబుల్, మీ కంప్లైంట్ క్లోజ్ చేయబడింది అని. మళ్ళీ మొదటినుంచి చెప్పి కొత్త కంప్లైంట్ పెట్టాను, పగలు వేటలో ఉంటాను, సాయంత్రం చెయ్యండి అని స్పష్టంగా చెప్పాను, రాసుకున్నాం సార్ అన్నారు. మళ్ళీ తెల్లారి చేసి మళ్ళీ క్లోజ్. నేను మత్స్యకారుణ్ణని మీకు తెలుసు, సముద్రంలో వాడటానికే ఆ ఇంజన్ నాకు అమ్మారు, సముద్రంలో ఉన్నాడు కాబట్టి వీడి కంప్లైంట్ మూసేద్దాం అంటారా? క్లోజ్ చేసిన గంటకి, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఇంకో మెసేజ్. ఒకటి ఇచ్చి ఎందుకో రాశాను. అదీ ఎవరూ చదవలేదు.

చివరికి గట్టిగా అరిస్తే ఒక సూపర్‌వైజర్ లైన్‌లోకి వచ్చాడు. "సార్, మీరు ట్యాంక్‌తో పాటు ఇంకో నాలుగు క్యాన్లు ఎక్స్‌ట్రా వేసుకుంటే ప్రాబ్లమే ఉండదు కదా" అన్నాడు. లీటరు వంద దాటిన పెట్రోల్ అండి అది. ఆ నాలుగు క్యాన్ల బరువు మోయడానికి ఇంకొంచెం పెట్రోల్ కాలుతుంది, ఆ మేరకు ఐసు తగ్గించాలి, ఐసు తగ్గితే ట్యూనాకి రేటు రాదు. ఆపైన ఎండలో మనుషుల కాళ్ళ దగ్గర పెట్రోల్ క్యాన్లు, పక్కనే అన్నం వండుకునే పొయ్యి. ఆ కుర్చీలో కూర్చుని చెప్పడం తేలికే. పెట్రోల్ అయిపోయి గాలికి కొట్టుకుపోతే కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చెయ్యాలన్నా సిగ్నల్ కావాలి. లేదంటే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్‌లో, ఆపదలో పిలిచే 16వ ఛానల్ పట్టుకుని అరవాలి, అది కూడా అందే దూరంలో ఎవరన్నా ఉంటేనే. ఇంటి దగ్గర ఆడవాళ్ళు చీకటి పడిన దగ్గర్నుంచి ఒడ్డున నిలబడి చూస్తుంటారు.

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని ప్రభుత్వ సంస్థ ఉంది. వాళ్ళు ఉపగ్రహం నుంచి నీటి వేడి, నీటి రంగు చూసి చేప ఎక్కడ దొరికే అవకాశం ఉందో, మా ఒడ్డు నుంచి ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లో, అక్కడ లోతెంతో మాకు పైసా తీసుకోకుండా చెప్తున్నారు. చేప కదిలే ప్రాణి, దాని గురించే వాళ్ళు చెప్పగలుగుతుంటే, మీ ఫ్యాక్టరీలో మీ చేతులతో బిగించిన ఇంజన్ గంటకి ఎంత తాగుతుందో లక్షల్లో డబ్బు తీసుకున్న మీరు చెప్పలేరా?

మా నాన్న నన్ను రోజూ అడుగుతున్నాడు, "ఏట్రా, ఆ మిషన్ని నమ్ముకుని సంద్రంలోకి ఎల్తావేటి" అని. ఆయన మీ కంపెనీ బోర్డు చూసి దండం పెట్టినంత పని చేసేవాడు ఒకప్పుడు. ఆయన చేత ఆ మాట అనిపించారు మీరు.

లోడుతో నడిచే బోటుకి ఆర్‌పీఎం వారీగా గంటకి లీటర్ల లెక్క తెలుగులో కాగితం మీద కావాలి. మీ ఇంజనీర్ ఎవరో ఒకరు పూడిమడక వచ్చి నాతో బోటు ఎక్కాలి, కొలిచిన క్యాన్‌తో పెట్రోల్ పోసి వెళ్ళి వచ్చి మీటరు చూపించిన అంకె, నిజంగా కాలిన పెట్రోల్ పక్కపక్కన రాసి సంతకం పెట్టాలి. మీటరు మార్చండి, లేదా దాని డబ్బులు వెనక్కి ఇవ్వండి. అన్నిటికంటే ముందు నా కంప్లైంట్లు అలా మూసేసింది ఎవరో, ఎందుకో నాకు రాతపూర్వకంగా చెప్పాలి. క్షమాపణ కూడా చెప్పాలి, నాకే కాదు, నా మాట విని మీ ఇంజన్లు కొన్నవాళ్ళందరికీ.

వచ్చే అమావాస్య లోపు జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెడతాను, విశాఖలో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ మెసేజ్‌లు, కాల్ రికార్డింగులు, మీరు వెనక్కి కొట్టిన వీడియోలు అన్నీ మా అబ్బాయి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాడు. మత్స్యశాఖ ఆఫీసులో కూడా ఇస్తాను. అప్పటికీ కదలకపోతే ఇంజన్ విప్పి ఆటోలో వేసుకుని డీలర్ షోరూం ముందు దింపుతాను, మా వాళ్ళు కూడా వాళ్ళ ఇంజన్లతో వస్తామంటున్నారు, గేటుకి అడ్డంగా పెట్టి మీ పెద్దాఫీసరు వచ్చేదాకా అక్కడే కూర్చుంటాం. ఇది బెదిరింపే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
పూడిమడక నుంచి ఒక ఫైబర్ బోటు ఓనరు
(కంప్లైంట్ నంబర్లన్నీ మీ కంప్యూటర్లోనే ఉన్నాయి, క్లోజ్ అయినవాటిలో వెతకండి)