ప్రతిజ్ఞ చెప్పిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం,

అమెరికాలో ఉంటున్న మా చెల్లెలి కూతురు ఈమధ్య అక్కడి ఆడపిల్లల స్కౌట్ సంస్థ గర్ల్ స్కౌట్స్‌లో ‘మై ప్రామిస్, మై ఫెయిత్’ (నా ప్రతిజ్ఞ, నా విశ్వాసం) అనే పిన్ను, అంటే బ్యాడ్జి, తెచ్చుకుంది. దానికోసం పిల్ల తమ స్కౌట్ నియమాల్లోంచి ఒక్క మాట ఎంచుకుని, అది తన మతంలో ఎక్కడుందో వెతకాలి, ఆ విశ్వాసం ఉన్న ఒక పెద్దావిడతో కూర్చుని మాట్లాడాలి. ఏ మతం పిల్లయినా చేయొచ్చు. మా పాప ఎదుటివారి పట్ల శ్రద్ధ అనే మాట తీసుకుని, తిరుపతిలో ఉన్న వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసింది. తిరుమలలో వెంగమాంబ అన్నప్రసాద భవనంలో సేవకి వెళ్లినప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్లకి వడ్డిస్తుంటే ఏమనిపించేదో ఆమె చెబుతూ ఉంటే నాకే కళ్లు చెమర్చాయి, ఎందుకంటే మాలో ఎవరమూ ఆమెని ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు.

మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రతిజ్ఞలోనూ దేవుడి పట్ల, దేశం పట్ల కర్తవ్యం ఉంది, దేవుడు అనే చోట ధర్మం అని కూడా చెప్పుకోవచ్చు. బ్రహ్మోత్సవాల్లో మన గైడ్స్ పిల్లలు ఎండలో నిలబడి భక్తులకి ఎంత సాయం చేస్తారో తిరుపతి వాళ్లందరికీ తెలుసు. అయితే చాలా స్కూళ్లలో తాళ్ల ముడులు, ఫస్ట్ ఎయిడ్ నేర్పినంత శ్రద్ధగా ప్రతిజ్ఞలోని ఆ మాట గురించి మాట్లాడటం లేదని నా అభిప్రాయం. మొదటి మెట్టయిన ప్రవేశ్ నుంచి రాష్ట్రపతి అవార్డు దాకా వెళ్లే పిల్లలతో, వాళ్లకి శిక్షణ ఇచ్చే గైడ్ కెప్టెన్లు ఒక్కసారైనా ఇలా ఇంట్లో పెద్దవాళ్లని అడిగించి, హిందూ, ముస్లిం, క్రైస్తవ పిల్లలు తాము విన్నది ఒకరికొకరు చెప్పుకునేలా చేస్తే బాగుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు. వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టమని ఉమ్మడి చిత్తూరు జిల్లా స్కూళ్లను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి