బేస్ గిటారిస్టుకు ఒక్క వాద్యం చాలదు

సంపాదకులకు,

ఒక్కో బేస్ (మంద్ర స్వరాలు పలికించే గిటార్) వాద్యకారుడి ఇంట్లో రెండు మూడు గిటార్లు ఉండటం దుబారా అనుకునేవారికి, పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో పెళ్లి వేదికల మీద, భక్తి సంగీత కచేరీల్లో బేస్ వాయిస్తున్నవాడిగా ఈ నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను.

1951లో ఫెండర్ సంస్థ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు ఆ పేరు (ప్రెసిషన్ అంటే కచ్చితత్వం) మెట్ల వల్లే, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు పట్టీల వల్లే వచ్చింది. అవి ప్రతి స్వరాన్నీ కచ్చితమైన చోట నిలబెడతాయి. స్వరాన్ని ఊపుతూ పలికించే మన గమకానికి మాత్రం ఆ నిలకడే అడ్డంకి. గత శ్రావణంలో నగరంలోని ఒక సభామందిరంలో, వేదిక ఇరుకని, ఒక్క గిటార్‌నే లోపలికి అనుమతించారు. వయొలిన్ మీద తోడి రాగంలోని గాంధార స్వరం ఊగుతుంటే, నా మెట్ల గిటార్ స్వరం కదలక మొండిగా నిలబడిపోయింది. విద్వాంసులు కమాను ఆపి నా వైపు చూసిన ఆ క్షణాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. మెట్లు లేని నా రెండో బేస్ అప్పుడు బయట కారులోనే ఉంది.

ఇక నాలుగు తీగల బేస్ మామూలు శ్రుతిలో సుమారు 41 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అంతకంటే కిందికి, 31 దాకా దిగాలంటే అయిదో తీగ కావాలి. పాటకూ పాటకూ మధ్య తీగలు మార్చుకోవచ్చు కదా అంటారు గానీ, మందం మారితే బిగువు మారి గిటార్ మెడే వంగుతుంది, దాన్ని సరిచేయడానికి చాలా సమయం పడుతుంది.

సభా నిర్వాహకులు వేదిక పక్కన రెండో వాద్యానికి మూడడుగుల చోటు కేటాయించాలని మనవి.

– ఒక బేస్ వాద్యకారుడు, సికింద్రాబాద్