తాతయ్య పెట్టెలో దొరికిన ఫొటో

బందరు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. ఈ పదిరోజులూ తాతయ్య ట్రంకుపెట్టె ముందే కూర్చున్నాను. మేడమీది గది ఖాళీ చేస్తుంటే అందులో మన జాతీయ కళాశాల నాటి గ్రూపు ఫొటో బయటపడింది. ఇరవై రెండు మంది ఉన్నారు. వెనక పెన్సిలుతో రాసిన పేర్లలో తొమ్మిదే చదవగలిగాను, మిగతావి చెమ్మకి చెరిగిపోయాయి. పేరు పోయిన ఆ పదమూడు మంది ముఖాలు మాత్రం నిన్న తీసినంత స్పష్టంగా ఉన్నాయిరా. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

1910లో ఆ కళాశాల పెట్టింది ముగ్గురని మనకి చిన్నప్పుడే నూరిపోశారు కదా. పట్టాభి సీతారామయ్యగారు కాంగ్రెస్ చరిత్ర రాశారు, 1923లో ఇక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు, చివర్లో మధ్యప్రదేశ్ గవర్నరయ్యారు. ఆయన జీవితం ఎక్కడ వెతికినా దొరుకుతుంది. ముట్నూరి కృష్ణారావుగారికి కృష్ణాపత్రిక సంపాదకీయాలే సాక్ష్యం. మరి కోపల్లె హనుమంతరావుగారో? వకీలుగా సంపాదించుకోగలిగిన మనిషి ఆ దారి వదిలేసి కళాశాలకే అంకితమైపోయారు. 1922లోనే కన్నుమూశారు. పని చేసినవాడికి తన గురించి రాసుకునే తీరిక ఎక్కడుంటుంది? నాకు ఆయన మీదే బెంగ.

పింగళి వెంకయ్యగారు అక్కడ పాఠాలు చెప్పారు. జాతీయ పతాకాల మీద ఆయన పుస్తకం 1916లో వచ్చింది. కలకత్తా వైపు నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీగారు వచ్చి బొమ్మలు నేర్పితే, ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజుగారు తర్వాత అదే కళాశాలకి ప్రిన్సిపాలయ్యారు. వీళ్లని జనం మరిచిపోరు. చేతిపనులు నేర్పిన మేస్త్రీలనీ, నేర్చుకుని ఊళ్లకి వెళ్లిపోయిన కుర్రాళ్లనీ ఎవరు తలుచుకుంటారు?

అందుకే ఒక రూళ్ల పుస్తకం మొదలెట్టాను. మనిషికో పేజీ. పూర్తి ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, చదివిన ఏళ్లు, తర్వాత ఏం చేశాడు, ఈ సంగతి ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలితే ఏ సుబ్బారావో తేల్చలేక చస్తున్నాం. పుట్టినతేదీ విషయంలో బళ్లో వేసింది వేరు, ఇంట్లో చెప్పేది వేరు. రెండూ రాస్తున్నాను, ఏదీ కొట్టెయ్యడం లేదు.

మీ ఇంట్లో కాగితాలుంటే దయచేసి లామినేషన్ చేయించకు, చిరిగినచోట సెల్లోటేపు అంటించకు. ఆ జిగురు పసుపెక్కి కాగితాన్నే తినేస్తుంది. కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడనిచోట పెట్టి ఫోనుతో రెండువైపులా ఫొటో తియ్యి. వెనకవైపు మరిచిపోకు, పేర్లుండేది అక్కడే. తీసినవాటి కాపీ ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర ఉండాలి. సముద్రం పక్కన ఊరు, ఉప్పగాలికీ తుఫానుకీ ఏది మిగులుతుందో చెప్పలేం.

మీ పెదనాన్నగారు దసరాకి వస్తున్నారని రాశావు కదా. ఫొటో కాపీ దీంతోనే పంపుతున్నాను. వెనక వరుసలో ఎడమనుంచి నాలుగో కుర్రాడు, చెవిపోగుతో, మీ తాతగారేమోనని నా అనుమానం. ఆ మాట నువ్వు ముందుగా అనకు. ఊరికే ఫొటో ఆయన చేతికిచ్చి, ఎవరినైనా గుర్తుపడతారేమో చూడు. ఆయన ఏమంటే అది, అన్నది అన్నట్టుగా రాసి పంపు.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ బావ