ఒక్క పేజీ చాలు

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఒకసారి ‘ఈ వాక్యం అబద్ధం’ అనే విరోధాభాసను (నిజమన్నా, అబద్ధమన్నా తనకు తానే ఎదురు తిరిగే మాటను) బోర్డు మీద రాసి, ఇది నిజమా కాదా అని అడిగితే, ఎన్నడూ నోరు విప్పని వెనక బెంచీ అమ్మాయి లేచి వాదనకు దిగింది. సిలబస్‌లో లేదని అలాంటివి చెప్పడం మానేయమన్నారు. ఆ బాధ ఇంకా పోలేదు.

గణితం పునాదుల్లోనూ ఇలాంటి చిక్కే బయటపడింది. 1902లో బ్రిటిష్ తత్వవేత్త రస్సెల్ జర్మన్ గణితజ్ఞుడు ఫ్రేగెకు ఉత్తరం రాశాడు: తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటి (సమితి అంటే కొన్నిటిని కలిపి ఒకటిగా చూసే గుంపు) సమితి, తనలో తాను ఉంటుందా? ఉంటుందంటే ఉండదు, ఉండదంటే ఉంటుంది. అంకగణితాన్ని తర్కం మీద నిలబెట్టాలని ఫ్రేగె రాసిన పుస్తకం రెండో సంపుటం అప్పటికే అచ్చులో ఉంది. ఆయన దాచిపెట్టలేదు, తన పునాది కదిలిందని అనుబంధం రాసి మరీ ఒప్పుకున్నాడు (ఎంత నిజాయితీ!). సమితి అంటే ఏమిటో గణితజ్ఞులు మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి వచ్చింది.

పాఠ్యపుస్తకంలో విరోధాభాసలకు ఒక్క పేజీ ఇవ్వండి.

– విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు