శ్రీకాకుళానికి దగ్గర్లో కొత్త మందులు పరీక్షించే ఒక ట్రయల్ కేంద్రం కావాలి: కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా. మా బాబాయికి మెడ మీద గడ్డ లేస్తే పరీక్షలు చేసి లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అన్నారు. మూడు వారాలకోసారి, ఆరుసార్లు ఆర్-చాప్ కీమో ఎక్కించారు. అందులోని ఎర్ర మందు ఎక్కుతున్నంతసేపూ బాబాయి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. గడ్డ కరిగింది. ఏడాది తిరక్కుండానే, ఓ పొద్దున గడ్డం గీసుకుంటూ రెండు వేళ్లతో మెడ తడుముకుని, "మళ్లీ వచ్చిందిరా" అన్నాడు.

"ట్రయల్స్ ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి" అన్నారు డాక్టరు గారు. ఎక్కడ చూసుకోవాలి సార్?

రాత్రిళ్లు ఫోన్లో వెతికాను. ఒక్క మందే వేస్తే క్యాన్సర్ కణం ఇంకో దారి చూసుకుంటుందట. అందుకే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ డాక్టర్లు వెనెటోక్లాక్స్, ఇబ్రుటినిబ్, ప్రెడ్నిసోన్, ఒబినుటుజుమాబ్, లెనలిడోమైడ్ ఐదింటినీ కలిపి చూశారు. మొదట 20 మందిలో వెనెటోక్లాక్స్ ఎంత డోసు వరకు ఇవ్వొచ్చో తేల్చుకున్నారు. ఒకరికి మెదడులో రక్తస్రావమైంది, ఆ సంగతీ దాచలేదు. 2024లో ఫలితాలు వచ్చాయి. మా బాబాయికి వచ్చిన రకమే, పెద్ద బీ-కణాల లింఫోమా, తిరగబెట్టినవాళ్లలో 38 శాతం మందికి జబ్బు ఆనవాలు కనిపించకుండా పోయింది. అందరికీ కాదు, తెలుసు. కానీ మాకు ఆ వరసలో నిలబడే అవకాశమే లేదు.

ఆర్-చాప్‌లో 'ఆర్' అంటే రిటుక్సిమాబ్. దాన్ని 2007లో చవగ్గా తెచ్చింది హైదరాబాద్ కంపెనీయే. కొత్త మందుల్ని మనుషుల మీద తొలిసారి పరీక్షించే తొలిదశ ట్రయల్స్ కోసం ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మొదట ఎంచుకున్న నాలుగు చోట్లు మాత్రం ముంబై, నవీ ముంబై, చెన్నై దగ్గర, చండీగఢ్. నీరసంతో మంచం దిగలేని మనిషిని అంత దూరం ఎలా తీసుకెళ్లాలి? ముంబైలో నెలల తరబడి గది అద్దె ఎవరు కట్టాలి?

ట్రయల్ అంటే మా వైపు భయం ఉంది, అది ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు ఆడపిల్లల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అందుకే, ముందు తెలుగులో కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి: ఏ మందు, ఏం జరగొచ్చు, వద్దనుకుంటే మధ్యలో ఎలా బయటికి రావచ్చు అని.

అలాంటి కేంద్రం ఒకటి విశాఖలోనో హైదరాబాద్‌లోనో ప్రభుత్వాసుపత్రిలో పెట్టించండి. రోగికీ తోడు వచ్చిన మనిషికీ రైలు ఛార్జీ, బస ఇప్పించండి. మా బాబాయి ఫైలు, స్కాన్ సీడీలు సంచిలో సర్దిపెట్టే ఉన్నాయి. ఎప్పుడు పిలిచినా వస్తాం.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక రోగి అన్న కొడుకు