జింటీకి గొంతు వచ్చింది

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎస్‌ఏ-1 పేపర్లు దిద్దడం అయిపోయింది. ప్రోగ్రెస్ కార్డులు సోమవారం పిల్లలతో పంపిస్తాం, సంతకం చేసి గురువారంలోగా తిరిగి పంపండి. మార్కుల గురించి ఈ నెల ఇంతే. మూడు నెలలుగా సైన్స్ ల్యాబ్ పక్క గదిలోంచి వినిపిస్తున్న కూతల గురించి రాయాలి. గేటు దగ్గర కలిసినప్పుడల్లా చాలామంది అడుగుతున్నారు, "మేడం, మావాడు ఇంటికొస్తే రైలు తప్ప ఇంకో మాట లేదు, స్కూల్లో ఏం జరుగుతోంది?" అని. పదో తరగతి పిల్లల తల్లులు ఇద్దరు మాత్రం కాస్త టెన్షన్‌గానే అడిగారు. వాళ్లకి కూడా ఇదే నా జవాబు.

మన స్కూల్లో చదువుకుని ఇప్పుడు ఇంగ్లండ్‌లో స్థిరపడిన పూర్వ విద్యార్థి ఒకరు వేసవిలో కాజీపేట వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె ఇచ్చి వెళ్లారు. అందులో బొమ్మ రైలింజన్లు నాలుగు, పట్టాల ముక్కలు, ఒక పాత కంట్రోలర్ ఉన్నాయి. అక్కడి పాత సామాన్ల సంతల్లో ఒక్కొక్కటిగా కొన్నారట. వాటిలో అన్నిటికంటే పాతది ఆరు చక్రాల నల్ల ఇంజన్. ట్రయాంగ్ అనే బ్రిటిష్ కంపెనీ 1950లలో చేయడం మొదలుపెట్టిన మోడల్ అది. దాని అసలు ఇంజన్‌ని లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే 1924 నుంచి 1931 దాకా 422 కట్టించింది. యార్డుల్లో వ్యాగన్లు నెట్టడం, చిన్న దూరాల ప్యాసింజర్లు లాగడం దాని పని. అక్కడివాళ్లు ముద్దుగా జింటీ అంటారు. మన పిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారు.

అంత పాత వస్తువుని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయొచ్చు. స్టాఫ్ మీటింగ్‌లో ఆ మాట వచ్చింది. కూత, ఆవిరి చప్పుడు అన్నీ లోపలే అమర్చిన కొత్త ఇంజన్ ఒకటి కొంటే సరిపోతుందని కూడా కొందరన్నారు. నేను రెండిటికీ ఒప్పుకోలేదు. ఈ కాలపు బొమ్మని విప్పితే ఒక్కోసారి మళ్లీ బిగించలేం. జింటీ అలా కాదు, స్క్రూ తీస్తే మొత్తం విచ్చుకుంటుంది. మోటారు, మరచక్రం, మోటారుకి కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు, స్ప్రింగు, ఏది ఎందుకుందో కంటికి కనిపిస్తుంది. పిల్లల చేతికి ఇవ్వాల్సింది ఇలాంటి వస్తువే.

ఈ పాత ఇంజన్లు నడిచే పద్ధతి చాలా తేలిక. పట్టాల్లోకి వోల్టేజి ఎంత పంపితే అంత వేగం, 12 వోల్టులు ఇస్తే పూర్తి వేగం, సున్నా చేస్తే ఆగిపోతుంది. చిక్కంతా ఆ సున్నా దగ్గరే వచ్చింది. స్టేషన్లో ఆగిన ఇంజన్‌కి కరెంటే అందదు కాబట్టి దాని నోట్లోంచి చిన్న చప్పుడు కూడా రాదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ఈ సంగతి ఇంట్లో చెబితే వాళ్ల నాయనమ్మ, "నిలబడ్డ ఇంజన్ ఊకె ఉంటదా బిడ్డా? బుస్ బుస్ మంటనే ఉంటది, పక్కకెల్లి నడవాలంటేనే భయమేసేది" అన్నారట. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్లు 1995 డిసెంబరుతో ఆగిపోయాయి. ఇప్పటి పిల్లలెవరూ వాటిని వినలేదు. మా పని మొదలైంది ఆ పెద్దావిడ మాటతోనే. ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజన్ బతికున్నట్టు వినిపించాలి.

దానికి ఇంకో పద్ధతి ఉంది, డీసీసీ అంటారు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆ కరెంటులోనే ఆజ్ఞలు సంకేతాలుగా ప్రయాణిస్తాయి. కరెంటు దిశ 58 మైక్రోసెకన్లకోసారి మారితే అది 1, 100 మైక్రోసెకన్లో అంతకంటే ఎక్కువో పడితే 0. ఇంజన్ లోపల కూర్చున్న డీకోడర్ అనే చిన్న బోర్డు ఆ ఒకట్లూ సున్నాలూ చదివి, మాట తన నంబరుకి వచ్చిందో లేదో చూసుకుని, మోటారుని తిప్పుతుంది, లైటు వెలిగిస్తుంది, సౌండ్ డీకోడర్ అయితే స్పీకర్లోంచి కూత వేస్తుంది. హాజరు పిలిచినప్పుడు తన పేరు వచ్చేదాకా ఆగి పలికే పిల్లవాడిలాగే అన్నమాట. కొత్త డీకోడర్లన్నీ 3 అనే నంబరుతోనే వస్తాయి, మనమే మార్చుకోవాలి. జింటీకి 52 ఇచ్చారు.

మొదటి డీకోడర్ కాలిపోయింది. పట్టాల మీద పెట్టిన పది సెకన్లలో వాసన వచ్చింది, అంతే. పెద్దవాళ్లం మేం ముందే చూసుకోవాల్సిన విషయం అది, పిల్లల తప్పేం లేదు. ఆ రోజు వాళ్ల మొహాలు చూడలేకపోయాను. డబ్బుల కంటే ఆ బాధే ఎక్కువ. అయితే ఎందుకు కాలిందో వెతికిన వారం రోజులూ మామూలు పాఠంలో రానంత చదువు వచ్చింది.

కారణం ఇది. జింటీలో ఉన్నది ఎక్స్‌04 అనే మోటారు. రెండు బొగ్గు బ్రష్షుల్నీ రెండు చేతులున్న ఒకే స్ప్రింగు అదిమి పట్టుకుంటుంది. ఒక చేతికి కంపెనీవాళ్లే ఇన్సులేషన్ గొట్టం తొడిగారు. రెండో చెయ్యి నేరుగా లోహపు చట్రాన్ని తాకుతుంది, ఆ చట్రం ఒక వైపు చక్రాల ద్వారా పట్టాని తాకుతుంది. పాత పద్ధతిలో అది దారే, తప్పు కాదు. కానీ డీకోడర్ పెట్టాక మోటారు తీగలకీ పట్టాలకీ మధ్య డీకోడర్ తప్ప వేరే దారి ఉండకూడదు. ఉంటే పట్టాల కరెంటు వెనకదారిన డీకోడర్లోకి దూరి దాన్ని కాల్చేస్తుంది.

మరమ్మతు చేసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. పాత చార్జర్ తీగలోంచి రాగిపోగులు లాగేసి, మిగిలిన ప్లాస్టిక్ గొట్టాన్ని వేలి గోరంత పొడవు కత్తిరించింది. పట్టకారుతో స్ప్రింగు రెండో చెయ్యి పైకెత్తి, గొట్టం తొడిగి, మళ్లీ బ్రష్షు మీద కూర్చోబెట్టింది. రెండుసార్లు స్ప్రింగు ఎగిరి బల్ల కింద పడింది. గదిలో ఉన్న పద్నాలుగు మందీ మోకాళ్ల మీద వెతికారు. మూడోసారి కుదిరింది. మల్టీమీటరు ఒక మొన బ్రష్షుకి, ఇంకో మొన చట్రానికి ఆనించింది. బీప్ రాలేదు, అంటే రెండిటి మధ్యా కరెంటుకి దారి లేదు. రెండో బ్రష్షుకి పెట్టింది. అప్పుడూ రాలేదు. ఒక్క క్షణం ఎవరూ ఏం అనలేదు, తర్వాత గది గదంతా చప్పట్లు.

ఆ తర్వాత చేసినవన్నీ నేర్చుకున్న జాగ్రత్తతోనే చేశారు. కొత్త డీకోడర్ పెట్టేముందు 12 వోల్టులిచ్చి చక్రాలు కదలకుండా ఒక్క క్షణం పట్టుకుని మోటారు ఎంత కరెంటు లాగుతుందో చూశారు. డీకోడర్ అంతకంటే ఎక్కువ తట్టుకోగలగాలి. అయస్కాంతం పాతబడి బలం తగ్గితే మోటారు ఎక్కువ లాగుతుందని అప్పుడే తెలిసింది. జిగురులా గడ్డకట్టిన పాత గ్రీజుని స్పిరిట్‌తో కడిగి ఒక్క చుక్క కొత్త నూనె వేశారు. తీగల రంగులు పిల్లలకి ఇప్పుడు ఎక్కాల్లా వచ్చేశాయి. ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద రంగులు మోటారుకి. స్పీకర్ జింటీలో పట్టలేదు కాబట్టి వెనక మూత వ్యాగన్లో చిన్న ప్లాస్టిక్ డబ్బీకి బిగించారు. డబ్బీ లేకుండా వింటే దోమ పాడినట్టుంది, డబ్బీలో పెట్టగానే అదే స్పీకర్‌కి గొంతు నిండింది. ఎందుకో మీ పిల్లల్ని అడిగి చూడండి, ధ్వని పాఠం మొత్తం చెబుతారు.

లెక్కల మాస్టారు కూడా ఇందులో చిక్కుకున్నారు. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజన్‌ పెద్ద చక్రం ఒకసారి తిరిగితే నాలుగుసార్లు 'ఛుక్' అనాలి. అసలు జింటీ చక్రం 4 అడుగుల 7 అంగుళాలు, అంటే దాదాపు 140 సెంటీమీటర్ల వ్యాసం. చుట్టుకొలత సుమారు 4.4 మీటర్లు. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకి ఎన్ని ఛుక్‌లు? బోర్డు మీద చేస్తే ఐదు వచ్చింది. పిల్లలు డీకోడర్ సెట్టింగుల్ని ఆ ఐదుకి సరిపోయేదాకా మార్చారు. పదో తరగతి పిల్లల తల్లులకి నా జవాబు ఈ పేరాలోనే ఉంది. వృత్తం చుట్టుకొలతని అంత ఇష్టంగా లెక్కకట్టిన తరగతిని నేను ఇరవై ఏళ్లలో చూడలేదు.

ఇక అసలు విషయం. కూత మీట నొక్కితే కూత, ముందుకి అంటే ముందుకి, ఇదంతా వారంలో పాతబడిపోయింది. జింటీ తనంతట తానే బయలుదేరి, కూయాల్సిన చోట కూసి, ఆగాల్సిన చోట ఆగాలన్నారు పిల్లలు. డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ఆర్డుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఎక్కించారు. వరుసగా ఏం జరగాలో అందులో రాసి పెట్టొచ్చు. ముందు నోటుబుక్కులో తెలుగులో రాసుకోమన్నాం. ఒక బృందం మొదటి ప్రతి ఇలా ఉంది: "కూత. బయలుదేరు, వేగం 15. గేటు బోర్డు సెన్సర్ తగిలితే పొడుగు కూత. స్టేషన్ సెన్సర్ తగిలితే ఆగు. 20 సెకన్లు బుస్. మళ్లీ మొదటికి."

ఇది చూడటానికి ఒక విద్యార్థి నాన్నగారు వచ్చారు, ఆయన లోకో పైలట్. చిన్న బెంచీ మీద కూర్చుని రెండు చుట్లు ఏమీ అనకుండా విన్నారు. మూడో చుట్టులో, "గార్డు జెండా సూపియ్యకముందే కూతేస్తున్నరేంది బిడ్డా?" అన్నారు. ముందు సిగ్నల్ పడాలి, గార్డు పచ్చజెండా ఊపాలి (2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నా మన కాలనీలో అందరికీ గార్డే), అప్పుడు కూత, కూత తర్వాతే కదలిక. కూసీ కూయగానే కదిలితే అది బొమ్మే అవుతుందన్నారు. బ్రేకు పైపులో 5 కేజీల గాలి ప్రెషర్ నిండి బ్రేకులు వదిలితేనే ఈనాటి బండి కదిలేది అని చెప్పి, బోర్డు మీద పైపు బొమ్మ గీసి చూపించారు. జింటీ కాలం వేరైనా బరువైన బండి మెల్లగానే లేస్తుంది కదా. పిల్లలు కూతకీ కదలికకీ మధ్య రెండు సెకన్ల ఖాళీ పెట్టారు. వేగం ఒక్కసారిగా కాకుండా మెల్లగా పెరిగేలా డీకోడర్ మూడో సెట్టింగు పెంచారు. ఆ రెండు సెకన్లతో జింటీ మొత్తం మారిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. కూత పడి, అంతా ఆగినట్టయి, తర్వాత మొదటి ఛుక్ వచ్చినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

రైల్వే గేటు ముందు ఉండే పసుపు రంగు డబ్ల్యూ/ఎల్ బోర్డు మీరందరూ చూసే ఉంటారు, హిందీలో సీ/ఫా అని రాసి ఉంటుంది. అక్కడ డ్రైవరు పొడుగ్గా కూత వేయాలని అర్థం. అగ్గిపుల్లతో, అట్టముక్కతో ఆ బోర్డు చేసి దాని పక్కనే సెన్సర్ పెట్టారు ఆరో తరగతి పిల్లలు. కొన్నాళ్లు ఒక వింత జరిగింది. రోజూ పొద్దున పది గంటలకి, బండి అక్కడ లేకపోయినా పొడుగు కూత వచ్చేది. కిటికీలోంచి పడే ఎండలోని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలే సెన్సర్‌ని మోసం చేస్తున్నాయని పిల్లలే కనిపెట్టారు. ఇప్పుడు ఆ కిటికీకి పాత దుప్పటి వేలాడుతోంది.

మిగిలిన మూడు ఇంజన్ల పని ఇంకా ఉంది. సౌండ్ డీకోడర్లు మామూలు వాటికంటే చాలా ఖరీదు కాబట్టి ఈ ఏడాది ఇంకొక్కదానికే గొంతు పెడతాం, మిగతా రెండూ మౌనంగానే నడుస్తాయి. దాతల కోసం తొందరపడటం లేదు, పిల్లల్ని ఇంటింటికీ పంపం.

మీ నుంచి కావాల్సినవి కొన్ని ఉన్నాయి. పాడైన ఫోన్లు, బొమ్మల్లోని చిన్న స్పీకర్లు, పాత చార్జర్ తీగలు ఉంటే పంపండి, బ్యాటరీలు మాత్రం వద్దు. సోల్డరింగ్ ఎనిమిదో తరగతి పైవాళ్లే, కళ్లద్దాలు పెట్టుకుని, టీచర్ పక్కన ఉన్నప్పుడే చేస్తారు. దాని అనుమతి పత్రం ఈ ఉత్తరంతో ఉంది, ఇష్టం లేకపోతే సంతకం చేయకండి, మీ పిల్లలకి వేరే పని ఇస్తాం. రైలు చప్పుళ్లు రికార్డు చేయాలని పిల్లలు అడిగితే మీరు వెంట వెళ్లండి, ప్లాట్‌ఫారం మీద పసుపు గీతకి ఇవతల నిలబడే రికార్డు చేయనివ్వండి. పట్టాల పక్కకీ, షెడ్డు దగ్గరికీ వద్దే వద్దు. ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో ఆవిరి బండ్లు ఎక్కిన పెద్దవాళ్లుంటే వాళ్ల చేత ఆ చప్పుడు నోటితో చేయించి రికార్డు పంపండి. ఆ నాయనమ్మ గారి 'బుస్' విన్నాకే పిల్లలు జింటీ బుసని సరిదిద్దారు.

వచ్చే నెల రెండో శనివారం జింటీని అందరికీ చూపిస్తాం. సెలవు రోజైనా పిల్లలే ఆ రోజు కావాలన్నారు, నాన్నలు కూడా రాగలరని. పొద్దున పదిన్నరకి మొదటి బండి, ఆ తర్వాత అరగంటకొకటి, మధ్యాహ్నం ఒంటిగంట దాకా. గది చిన్నది కాబట్టి పాతిక మంది చొప్పున లోపలికి పంపిస్తాం. పెద్దవాళ్లకి కుర్చీలు వేయిస్తున్నాం, నాయనమ్మల్ని, తాతయ్యల్ని తప్పకుండా తీసుకురండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు